మీ బావను పడగొట్టడం ఎలా

మదనపల్లె,
జూన్ 2005

శివా,

పరీక్షలు బాగా రాశావని నాన్న చెప్పాడు. నమ్మాను. ఇప్పుడు నేను అడిగేదానికి నవ్వకుండా జవాబు రాయి.

కుప్పంలో మీ రూములో అందరూ కలిసి ప్లేస్టేషన్ ఒకటి పెట్టుకున్నారు కదా. దాంట్లో బాక్సింగ్ ఆట ఉందా? నిజం మనుషుల్లాగే చెమటలు కారుతూ, కండ్లు వాచిపోయి, రొప్పుతూ కొట్టుకుంటారే, ఆ ఆట. మీ బావ వీడియో గేముల అంగడిలో ఇప్పుడు అందరూ ఆడేది అదే. పాత మిషన్ ఒకటి ఇంటికి తెచ్చి మా టీవీకి కూడా తగిలించాడు. దాంట్లో గెలవడం ఎలాగో నాకు కావాలి.

మధ్యాహ్నం ఆయన అంగడిలో ఉన్నప్పుడు ఆడి చూశాను. నాకు దొరికింది ఎర్ర నిక్కరు వేసుకున్న మనిషి. కనపడిన బటన్లన్నీ నొక్కాను. మొదట దెబ్బలు బాగానే తగిలాయి. తర్వాత వాడు చేతులు వేలాడేసి, నోరు తెరిచి నిలబడ్డాడు. ఎంత నొక్కినా చెయ్యి లేపడు. అవతలివాడు తీరిగ్గా వచ్చి ఒకటిచ్చాడు. వీడు పడ్డాడు. మళ్లీ ఆడాను, మళ్లీ పడ్డాడు. మా అత్త పక్కన కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, తల ఎత్తకుండానే, "ఎర్ర నిక్కరోడు మల్లా పడ్డాడా?" అని అడుగుతుంది. ఒళ్లు మండిపోతోంది.

ఫోన్ చేయకు. ఫోను ఉండేది ఆమె మంచం పక్కనే. ఉత్తరం రాయి. ఎందుకని అడగొద్దు.

అక్క,
ఉష

—

కుప్పం,
జూన్ 2005

అక్కా,

నవ్వొద్దన్నావు కాబట్టి రూము బయటికి పోయి నవ్వి వచ్చాను. డిగ్రీలో లెక్కలకు ఫస్టు క్లాసు తెచ్చుకున్న మనిషివి, కనపడిన బటన్లన్నీ నొక్కితే ఏమవుతుందో తెలియదా?

అది మామూలు కొట్లాట ఆట కాదు. తెర పైన నీ మనిషి పేరు కింద ఒక గీత ఉంటుంది. అది వాడి దమ్ము. దెబ్బ వేసిన ప్రతిసారీ అది తగ్గుతుంది, తగలకుండా గాలిలో పోతే ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆగి ఊపిరి తీసుకుంటే మెల్లగా పెరుగుతుంది. నువ్వు మొదటి నిమిషంలోనే గీతంతా ఖర్చు పెట్టి, తర్వాత వాణ్ని తిట్టుకుంటున్నావు. వాడు నీ మాట వినకపోవడం కాదు, వాడిలో ఏమీ మిగల్లేదు.

కాబట్టి ముందు ఇది నేర్చుకో. ఎడమచేత్తో నేరుగా వేసే చిన్న దెబ్బ ఉంది, జాబ్ అంటారు. అదొక్కటే వెయ్యి. వేసి వెంటనే వెనక్కి జరుగు. కంట్రోలరుకు పైన కుడిపక్క ఉండే బటను పట్టుకుంటే రెండు చేతులూ మొహానికి అడ్డం వస్తాయి. దెబ్బ వేయనప్పుడు ఆ బటను వదలకు. గుండ్రంగా తిరుగుతూ ఉండు, తాళ్ల మీదికి పోయి ఆనుకోకు. ఇంతే. గెలవాలని చూడకు, ముందు పడకుండా ఉండటం నేర్చుకో.

ఎందుకని అడగొద్దన్నావు కానీ అడుగుతున్నాను. నువ్వు టీవీలో సీరియల్ కూడా చూడవు. బాక్సింగ్ ఎందుకు?

శివ

—

మదనపల్లె,
జూలై 2005

శివా,

నువ్వు చెప్పినట్టే చేశాను. పడలేదు. కానీ గెలవనూ లేదు. జాబు, వెనక్కి, జాబు, వెనక్కి. మా నీరుగట్టువారిపల్లెలో వీధంతా మగ్గాల చప్పుడు ఎట్లా ఉంటుందో నా ఆటా అట్లాగే ఉంది. చివర్లో జడ్జిలు ముగ్గురూ అవతలివాడికే మార్కులు వేశారు. "ఈతూరి పడలా, కొట్టనూ లా. యాల పోయినట్టు ఆడికి?" అంది మా అత్త. ఆమెకున్నపాటి తెలివి నీ సలహాలో లేదు.

ఎందుకో చెప్తాను. చెప్పకపోతే నువ్వు నాన్నకు ఫోన్ చేసేట్టున్నావు.

పెండ్లప్పుడు నన్ను బి.ఎడ్. చదివిస్తామన్నారు, నీకు గుర్తుందో లేదో. మొదటి ఏడు "ఇప్పుడే వచ్చినావు గదా" అన్నారు. రెండో ఏడు అంగడి పెట్టే పనిలో ఉన్నామన్నారు. ఈసారి చెప్పకుండానే ఎంట్రెన్సు రాశాను, మంచి ర్యాంకు వచ్చింది. పుంగనూరు కాలేజీలో సీటు గ్యారంటీ. పొద్దున బస్సెక్కి సాయంత్రానికి వచ్చేయొచ్చు. పోయిన నెల ఒక ఆదివారం మీ బావ చిన్నాన్న వెంకటముని వచ్చాడు, టమాటా మార్కెట్లో మండీ ఉందే, ఆయన. టీ ఇచ్చి, ఆయన ముందరే కౌన్సెలింగ్ మాట ఎత్తాను. పెద్దాయన ముందు కాదనలేరు అనుకున్నాను. మీ బావ అప్పుడే వెంకటమునిని ఈ ఆటలో ఓడించి కులాసాగా ఉన్నాడు. కంట్రోలరు నా వైపు సాచి, "ఇందులో నన్ను ఒక్కసారి గెలువు, బంగారంగా పంపిస్తా" అన్నాడు.

అందరూ నవ్వారు. మా అత్త కూడా నవ్వింది. నేను నవ్వలేదు. "మాట మాటే గదా?" అన్నాను. "మాటే" అన్నాడు.

ఇప్పుడు చెప్పు. కౌన్సెలింగ్ వచ్చే నెల. జాబు, వెనక్కి అని రాయకు.

ఉష

—

కుప్పం,
జూలై 2005

అక్కా,

నీ ఉత్తరం చదివి నాకు ఆటాడే బుద్ధి కూడా పోయింది. చదువుకు పోవాలా వద్దా అన్నది టీవీ ముందు తేల్చుకుంటారా ఎవరైనా? ఆయనకు లేకపోతే నీకన్నా ఉండాలి కదా. నాన్నను పిలిచి మాట్లాడించడం మానేసి, ఎర్ర నిక్కరువాణ్ని నమ్ముకుంటావా?

నువ్వు వినవని తెలుసు, కాబట్టి మిగతాది రాస్తున్నాను. జాగ్రత్తగా చదువు, రెండోసారి రాయలేను. నాకు సెమిస్టర్ మొదలైంది.

కంప్యూటరును ఓడించడం వేరు, బావను ఓడించడం వేరు. నేను ఆయన ఆట చూశాను. ఆట మొదలవగానే కుడిచేత్తో పక్కనుంచి తిప్పి పెద్ద దెబ్బలు వేస్తాడు. అంగడికొచ్చే వాళ్లంతా బెదిరిపోయి వాళ్లూ గుద్దుతారు, అలిసిపోతారు, రెండో రౌండులో పడతారు. ఆయన్ను అంతకు మించి ఆడించిన వాళ్లు లేరు. అంటే ఆయన గీత మూడో రౌండులో ఎట్లా ఉంటుందో ఆయనకే తెలియదు.

చేతులు అడ్డం పెట్టుకుని ఆ దెబ్బలు కాచుకో. ఆయన గురి తప్పిన ప్రతిసారీ నీకే లాభం. ఆయన చెయ్యి తిప్పి వేసిన మరుక్షణం మొహం ఖాళీగా ఉంటుంది, అప్పుడు ఒక్కటి, నేరుగా. ఒక్కటే, ఆశపడి మూడు వేయకు. వీలైనప్పుడల్లా కడుపు మీద కొట్టు. మొహం మీద కొడితే చూసేవాళ్లకు బాగుంటుంది, కడుపు మీద కొడితే దమ్ము తగ్గుతుంది, మళ్లీ తొందరగా పెరగదు. రౌండ్ల మధ్యలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి వాపు తగ్గించే పని ఉంటుంది. బావ అది చేయకుండా బటను నొక్కి దాటేస్తాడు. నువ్వు దాటేయకు.

మనిషిని ఎంచుకునేటప్పుడు కండలు చూసి ఎంచుకోకు. చేతులు పొడుగ్గా ఉన్నవాణ్ని తీసుకో.

వచ్చే ఆదివారం పుంగనూరుకు, ఇంటికి వస్తున్నాను. ఒకవేళ నీకు ఆట రాకపోయినా కంగారు పడకు. మిగతాది నేను చూసుకుంటాను.

శివ

—

మదనపల్లె,
ఆగస్టు 2005

శివకుమార్‌కు,

నీ బుద్ధి ఏమైనా గడ్డి మేసిందా?

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేనే ఆయన్ను ఆటకు పిలిచాను. వెంకటముని కూడా ఉన్నాడు. నువ్వు చెప్పినవన్నీ గుర్తు పెట్టుకుని కూర్చున్నాను.  మొదటి రౌండులోనే మీ బావ మనిషి చేతులు కిందికి దించేసి నా ముందు నిలబడ్డాడు. నేను కొట్టాను. పడ్డాడు. లేచి మళ్లీ అట్లాగే నిలబడ్డాడు. మళ్లీ కొట్టాను. లేవలేదు.

ఒక్క నిమిషం, శివా, నిజంగానే గెలిచాననుకున్నాను. సర్టిఫికెట్లు ఏ పెట్టెలో ఉన్నాయో కూడా ఆలోచించేశాను. అప్పుడు మీ బావ వెనక్కి వాలి, వాళ్ల చిన్నాన్నతో అన్నాడు: "బామ్మర్ది అంగడికొచ్చి ఒకటే బతిమలాడినాడు, మా యక్క మీద ఓడిపో బావా అని. పోనీలే అని ఇడిసిపెట్టినా."

వెంకటముని పగలబడి నవ్వాడు. "అట్లయితే ఇది గెలుపు లెక్క కాదు గదప్పా" అన్నాడు. మీ బావ అవునూ అనలేదు, కాదూ అనలేదు. కంట్రోలరు వైరు చుట్టిపెట్టుకుని అంగడికి పోయాడు.

ఇన్ని మధ్యాహ్నాలు నేను ఎందుకు కూర్చున్నాను? మీరిద్దరూ సోడా తాగుతూ నా చదువు సంగతి మాట్లాడుకోవడానికా? ఆయన పంపనంటే ఒక తీరు. నువ్వు పోయి బతిమలాడటం, ఆయన దయ తలచడం, అది మళ్లీ నలుగురిలో చెప్పి నవ్వడం. ఇప్పుడు నేను నిజంగా గెలిచినా ఎవరూ నమ్మరు.

నీ సాయం చాలు. జవాబు రాయకు.

ఉషారాణి

—

పుంగనూరు,
ఆగస్టు 2005

అక్కా,

రాయొద్దన్నా రాస్తున్నాను. జ్వరమొచ్చి ఇంట్లో ఉన్నాను, వేరే పని లేదు.

నేను చేసిందాంట్లో తప్పు ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. నీకు కావలసింది సీటు. సీటు ఎట్లా వస్తే ఏమి? కౌన్సెలింగ్ దగ్గరికొచ్చింది, నువ్వేమో అసలు గెలుపు కావాలని కూర్చున్నావు. నాన్నతో మాట్లాడాను. "వాల్లింట్లో ఎట్లంటే అట్లనే" అన్నాడు. అమ్మ దోసెపిండి రుబ్బుకుంటూ ఉండిపోయింది. నీ తరఫున మాట్లాడింది నేనొక్కణ్నే, నువ్వు తిట్టిందీ నన్నే.

ఒక సంగతి మాత్రం నీకు చెప్పాలి. ఆ రోజు అంగడిలో బావ ఊరికే ఒప్పుకోలేదు. నేను గట్టిగా అడిగితే, నిన్ను ఎందుకు పంపడం లేదో ఒక మాట అన్నాడు. నేను అనుకున్న మాట కాదు అది. అందుకే నాకు కోపం కూడా రాలేదు. అది నేను రాయను. ఆయన నాకు చెప్పింది, నీకు చెప్పలేదు. నువ్వే అడుగు.

ఆడేదుంటే ఇంట్లో ఆడకు, అంగడిలో అందరి ముందూ ఆడు. అక్కడ ఆయన కావాలని ఓడిపోలేడు. పిల్లలంతా గురువు గారూ అనే మనిషి ఓడిపోయాడంటే రేపటి నుంచి ఆ అంగడిలో ఆయన్ను ఎవరు లెక్కచేస్తారు?

కడుపు మీద కొట్టడం మర్చిపోకు.

శివ

—

మదనపల్లె,
ఆగస్టు 2005

శివా,

ఆడాను.

ఆదివారం సాయంత్రం మా అత్తను వెంటబెట్టుకుని అంగడికి పోయాను. గుడికి పోయొద్దామని చెప్పి తీసుకుపోయి, బస్టాండు దగ్గర మలుపు తిప్పాను. "ఇదేం గుడి?" అంది. అంగడిలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. నన్ను చూడగానే మీ బావ మొహం మారింది. అందరి ముందూ అడిగాను. కాలేజీ పిల్లలు లేచి చోటిచ్చారు. ఇక తప్పలేదు.

చేతులు పొడుగున్నవాణ్నే తీసుకున్నాను. మొదటి రౌండు మీ బావ నన్ను ఊపిరి తీసుకోనియ్యలేదు. నేను చేతులు అడ్డం పెట్టుకుని, పక్కకు జరుగుతూ, అప్పుడప్పుడు కడుపు మీద ఒక్కటి వేసి ఊరుకున్నాను. వెనక ఎవరో "అక్కకు గుద్దేది రాదు" అన్నారు. రెండో రౌండులో పడ్డాను. నిజంగానే కండ్లల్లో నీళ్లు తిరిగాయి. కానీ పడినప్పుడు లేపే పద్ధతి ఒకటి ఉందే, తెర మీద ఊగే గుర్తును కంగారు పడకుండా నడిమికి తెచ్చుకోవడం, మధ్యాహ్నాల్లో పడీ పడీ అది నాకు బాగా వచ్చేసింది. లేచాను.

మూడో రౌండులో ఆయన మనిషి నోరు తెరిచాడు. నువ్వు చెప్పింది నిజమే, ఆయనకు అక్కడి నుంచి ఏం చేయాలో తెలియదు. దమ్ము తీసుకోకుండా ఇంకా గట్టిగా తిప్పాడు. సగం దెబ్బలు గాలికే. తిప్పినప్పుడల్లా నేను ఒక్కటి. మళ్లీ వెనక్కి. ఆశపడలేదు. ఒకసారి పడేట్టున్నాడు, ఇంకో మూడు వేద్దామని వేళ్లు లాగాయి, ఆపుకున్నాను.  చివరి గంట కొట్టేదాకా ఇద్దరమూ నిలబడే ఉన్నాం. జడ్జిల్లో ఇద్దరు నాకు వేశారు, ఒకరు ఆయనకు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. "నాకౌట్ చెయ్యలా గదా" అన్నాడు. అప్పుడు మా అత్త నారాయణమ్మ, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నావిడ, "గెలువు అన్నావు. పడగొట్టు అనలా. నేనప్పుడు ఆడనే ఉండా" అంది. ఇన్నాళ్లూ ఎర్ర నిక్కరు మీద ఎగతాళి చేసిన మనిషి.

మీ బావ ఆ పూటకు అంగడి కట్టేస్తున్నానని పిల్లల్ని పంపేశాడు. అత్త బయట మల్లెపూలు బేరమాడటానికి పోయింది. ఇద్దరమే మిగిలాం. ఆయన టీవీలు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు. నువ్వు రాయనన్న మాట అడిగాను.  ఇంకో టీవీ ఆర్పి, నా వైపు తిరగకుండానే చెప్పాడు.

"నువ్వు టీచరయితావు. గవర్నమెంటు ఉద్యోగం వస్తాది. నేనేమో ఈడ పిలకాయల్ను ఆడిస్తా కూసోనుంటా. టీచరమ్మ మొగుడు ఏం జేస్తాడని ఎవురైనా అడిగితే ఏం చెప్తావు నువ్వు? అది నాకు ఇప్పుడే కనపడతాండాది."

జాలి పడాల్సింది కాబోలు. నాకు మాత్రం వచ్చిందల్లా విసుగు. "ఈ మాట రెండేండ్ల కిందట చెప్పింటే, నేను ఈ దిక్కుమాలిన ఆట నేర్చుకునే పనే లేకుండా పోయేది గదా" అన్నాను.

 ముగ్గురమూ ఇంటికి వచ్చాం. అప్పట్నుంచీ ఆయన నాతో మాట్లాడటం లేదు. నేనూ మాట్లాడటం లేదు. సర్టిఫికెట్లు తీసి పెట్టుకున్నాను. ఆయన రాకపోతే ఒక్కదాన్నే కౌన్సెలింగ్‌కు తిరుపతికి పోతాను.

జ్వరం తగ్గిందా? మాత్రలు సగంలో మానేయకు.

అక్క

—

కుప్పం,
సెప్టెంబరు 2005

అక్కా,

జ్వరం తగ్గింది. దానితో పాటే ఒక ఇంటర్నల్ పరీక్ష కూడా పోయింది. ఆట సంగతి అంత రాసి, అసలు సంగతి ఏమైందో రాయకుండా ఊరుకున్నావు. కౌన్సెలింగ్ అయిపోయి ఎన్నాళ్లయింది? సీటు వచ్చిందా? బావ వచ్చాడా? అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా నన్నే అడుగుతుంది, నాకేం తెలుసు? మా రూములో వాళ్లు కూడా అడుగుతున్నారు. నీ మూడో రౌండు ఇక్కడ అందరికీ కంఠతా వచ్చింది. ఒక కార్డు ముక్కయినా రాయి.

శివ

—

మదనపల్లె,
అక్టోబరు 2005

శివా,

కార్డు రాసేందుకు కూడా తీరిక లేదు. లెసన్ ప్లాన్లు, చార్టులు, రికార్డులు. ఇది పుంగనూరు బస్సు కోసం కాచుకుంటూ రాస్తున్నాను.

తిరుపతికి ఆయన వచ్చాడు. ముందురోజు దాకా ఉలుకూ పలుకూ లేదు. తెల్లారి లేచి చూస్తే ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. అక్కడికి పోయాక మళ్లీ తలనొప్పి. వరస కదలడం లేదని ఒకరితో గొడవ, జిరాక్సులు సరిగ్గా లేవన్న గుమాస్తాతో గొడవ. నేను ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగాల్సి వచ్చింది. పుంగనూరు సీటే వచ్చింది. దారిలో బస్సు ఆగినచోట రెండు సోడాలు తెచ్చి ఒకటి నా చేతిలో పెట్టి, "ఆ మూడో రౌండులో నా దమ్ము అయిపోయిందని నీకెట్ల తెలిసె?" అని అడిగాడు. అదీ మళ్లీ మొదలైన మా మాట. ఇప్పుడు రోజూ ఇంకొక ఆట ఆడదామంటాడు. నేను చార్టుల మీద రంగులు వేసుకుంటూ ఉంటే పక్కన కంట్రోలరు పట్టుకుని కూర్చుంటాడు. నాకు ఎక్కడి తీరిక?

పొద్దున బస్సు విపరీతంగా నిండిపోతుంది. ఆయన నా కంటే ముందు బస్టాండుకు వచ్చి, కిటికీలోంచి టవలు వేసి నాకు సీటు పట్టి, తర్వాత అంగడి తెరుస్తాడు. మొన్న నేను వచ్చేసరికి ఎవరో ఆ టవలు పక్కకు నెట్టి కూర్చున్నారట. ఆయన కింద నిలబడి, బస్సంతా వినపడేట్టు, "లెయ్యప్పా, అది టీచరమ్మ సీటు" అంటున్నాడు. "యా టీచరమ్మ?" అన్నాడు ఆ మనిషి. "నా పెండ్లాం" అన్నాడు.

నేను ఆయన వెనకే ఉన్నాను. ఆయన చూడలేదు.

అప్పట్నుంచి బస్సులో అందరూ నన్ను టీచరమ్మా అనే పిలుస్తున్నారు. కాలేజీలో చేరి సరిగ్గా నెల కూడా కాలేదు. కండక్టరు లేచి దారిస్తాడు. నిన్న రెడ్డెమ్మ అని ఒకామె, కొడుక్కి లెక్కలు రావడం లేదు, ఆదివారాలు ఇంటికి పంపిస్తానంటుంది. నేను ఇంకా టీచర్ను కాదమ్మా అంటే వినదు, "మీ ఆయనే చెప్పె గదా" అంటుంది. మీ బావకు నువ్వైనా కొంచెం చెప్పు. నేను చెప్తే నవ్వుతాడు.

బస్సు వచ్చింది.

అక్క